పట్టు కొస ఒప్పుకున్న మెషిన్

మా చిన్నమ్మ బాలమణి పొద్దున లేవగానే చేసే మొదటి పని, గోడ మేకుకు వేలాడే పట్టు కొసను అందుకోవడం. ముదురాకుపచ్చ రంగుది, జానెడు ఉంటుంది. నేత అయిపోయాక మగ్గంలో మిగిలిన పోగుల్లోంచి తెంపి పెట్టుకుంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా లాగుతుంది. కొస జారిపోతే ఏమీ మాట్లాడకుండా పొయ్యి దగ్గరికి పోతుంది. చర్మానికి ఎక్కడన్నా తగులుకుంటే, "థూ, దీని సబ్బు పాడుగాను" అని, అప్పటికింకా నిద్రలో ఉన్న చిన్నాయనను కూడా కలిపి తిట్టి, అప్పుడు పోతుంది.

వాళ్లది గద్వాలలో మగ్గం ఇల్లు. ముందు గదిలో గుంట మగ్గం, వెనుక వంట, దాని వెనుక సందులాంటి పెరడు. చిన్నాయన శ్రీరాములు చీరలు నేస్తాడు. చిన్నమ్మ తమ మగ్గానికీ, చుట్టుపక్కల మగ్గాలకూ పడుగులు అతుకుతుంది. అంటే, ఒక పడుగు నేత పూర్తయ్యాక మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలుపుతుంది. ముడి వేయకూడదు. ముడి పడితే పోగు అక్కడే అడ్డం తిరుగుతుంది. రెండు కొసలు చేర్చి, వేలికి చిటికెడు బూడిద అద్దుకుని, మెలితిప్పి వదలాలి. అంతే. ఆ 'అంతే' కోసం నేను ఒక మధ్యాహ్నం కూర్చుని, దొరికిన పోగునల్లా తెంపి, చిన్నమ్మ దండం పెడితే లేచి వచ్చేశాను.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగు గరుకు వేలితో సర్దుకుపోతుంది. పట్టు సర్దుకోదు. వేలి మీద చర్మం పొర లేచి ఉంటే చాలు, పోగు అక్కడ తగులుకుని నూగు లేస్తుంది, నేసేటప్పుడు తెగుతుంది. చిన్నమ్మ వేళ్లు ఈ ఎండాకాలం సరిగ్గా అలా తయారయ్యాయి. బోరు నీళ్లు, సబ్బు పొడి, బండ. వీటికి తోడు మా తమ్ముడు అనిల్ జీన్ ప్యాంట్లు.

అనిల్ చిన్నమ్మ కొడుకు. వనపర్తిలో బైకుల షోరూంలో పని చేస్తాడు, అక్కడే గది తీసుకుని ఉంటాడు. శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేటప్పుడు ఒక పెద్ద సంచి తెస్తాడు. అందులో వారం బట్టలు. వాటి మీద గ్రీజు.

"నీ ప్యాంటు నువ్వు పిండుకోలేవారా?" అని నేనొకసారి అడిగాను.

"అక్కా, గదిల బండ లేదు," అన్నాడు. బండ లేకపోవడం తన తప్పు కాదన్నట్టు టీవీ పెట్టుకున్నాడు.

పోనీ చిన్నాయన ఉతకవచ్చు కదా అంటే, ఆయన వేళ్లకూ పట్టే. కొంగు దగ్గర ఆయనా పోగు పోగూ ముట్టుకోవాల్సినవాడే. ఇంట్లో సబ్బు ముట్టగలిగే చేతులు ఒక్క అనిల్‌వే. అవి వారంలో ఒక రోజు వస్తాయి, అన్నం తిని పోతాయి. చర్మం డాక్టరు సబ్బు నీళ్లు ముట్టొద్దన్నాడు. గ్లౌజులు తొడుక్కుంటే లోపల చెమట పట్టి చర్మం ఇంకా ఊడింది.

ఒకరోజు నేనక్కడ ఉండగానే సుదర్శన్ వచ్చాడు. పట్టు పడుగులు ఇచ్చి చీరలు నేయించుకునే సేటు ఆయన. ఒక పోగు వెలుతురుకు పట్టి చూపించాడు.

"బాలమణక్కా, చూడు. నూగు ఎట్ల లేసిందో."

"చూసిన సేటూ. నా చేతులే. నేనెందుకు చూడను?"

"శ్రావణం చీరల పడుగులు రాబట్టినయ్. చేతులు బాగైతె పట్టు నీకే. లేకుంటె ఈసారికి నూలు అతుకు. పట్టు ఇంకోళ్లకిస్త. ఏమనుకోకు."

"అనుకోను తియ్," అంది చిన్నమ్మ. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఊరుకుని, తర్వాత అనుకోవాల్సినవన్నీ అనుకుంది. పట్టు పడుగు అంటే బాలమణి అతకాలె అని పేరున్న మనిషి. ఆ పేరు ఒకసారి వేరే ఇంటికి పోతే మళ్లీ పిలిచినా రాదని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రమే వాషింగ్ మెషిన్ మాట వచ్చింది. చిన్నమ్మ దగ్గర పది వేలు ఉన్నాయి. "దీంట్లనే రావాలె. కిస్తీలొద్దు. వచ్చినంక చెడిపోవద్దు. నువ్వు సదువుకున్నవు గదనే వర్షా, జర చూడు."

నేను చదివింది ఎం.ఏ. తెలుగు. ఆ చదువులో మోటారు సంగతి ఎక్కడా రాలేదు. అయినా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఒక మెషిన్ కింద ఒకాయన "చాలా బాగుంది, ఈరోజే వచ్చింది, ఇంకా విప్పలేదు" అని అయిదు చుక్కలు వేశాడు. ఇంకొకామె అదే మెషిన్‌కు, "డెలివరీ అబ్బాయి ముఖం మాడ్చుకున్నాడు" అని ఒక్క చుక్క వేసింది. చివరికి నేను తేల్చింది ఇదీ: పది వేలలో నికరంగా పనిచేసేది సెమీ ఆటోమేటిక్. రెండు తొట్లుంటాయి, ఒకదాంట్లో ఉతుకుతుంది, రెండోదాంట్లో పిండుతుంది. చెడే భాగాలు తక్కువ. నల్లా ధార అక్కర్లేదు, బకెట్‌తో నీళ్లు పోసుకోవచ్చు.

పక్కింటి అంజమ్మ వినగానే చేతులడ్డం ఊపింది. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు, వద్దు అనడానికి కన్నడంలో బ్యాడ అంటుంది. "బ్యాడమ్మా, బ్యాడ! నా దగ్గర ఉన్నదిగా గదే, రెండు తొట్లది. రా, చూపిస్త."

పోయి చూశాం. ఒక తొట్లో జొన్నలున్నాయి. రెండో తొట్లో ఉల్లిగడ్డలు.

"చెడిపోయిందా అత్తా?" అన్నాను.

"ఎందుకు చెడిపోతది? మంచిగున్నది. ఎలుకలు రావు," అంది అంజమ్మ.

అయినా గద్వాలలోనే ఒక దుకాణానికి పోయాం. చిన్నాయన కూడా వచ్చాడు. సేల్స్ అబ్బాయి మూత తెరిచి మోటారు గురించి చెప్పడం మొదలుపెట్టగానే చిన్నమ్మ కొంగు ముడి విప్పి ఆకుపచ్చ పట్టు కొసను తీసింది. మెషిన్ లోపల చెయ్యి పెట్టి, తొట్టి గోడల మీద దాన్ని మెల్లగా లాగింది. నాకు నేల చీలితే బాగుండనిపించింది.

"అమ్మా, పట్టు చీరలు మెషిన్ల ఎయ్యొద్దు," అన్నాడు ఆ అబ్బాయి కంగారుగా.

"పట్టు ఎవరేస్తరయ్యా? నున్నగ ఉన్నదా లేదా చూస్తున్న. పట్టును పట్టుకునేది బట్టను పట్టుకోదా? చెయ్యిని పట్టుకోదా?"

"పెండ్లి సంబంధం చూసినట్టు చూస్తున్నది," అన్నాడు చిన్నాయన నాతో. "ఇంక పాట పాడమంటది."

తొట్టి అడుగున తిరిగే చక్రం అంచు దగ్గర కొస తగులుకుంది. ఆ మెషిన్ పరీక్ష తప్పింది. రెండోది కూడా తప్పింది. మూడోదాంట్లో కొస జారింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. సరిగ్గా అప్పుడు చిన్నమ్మ అడిగింది: "ఉతికినంక గీ తొట్లకెల్లి ఆ తొట్లకు బట్టలు వాటంతలవే పోతయా?"

"లేదమ్మా, మనమే తీసి ఎయ్యాలె."

"సబ్బు నీళ్లల్ల చెయ్యి పెట్టా?"

"మరి పెట్టకుంటె ఎట్ల?"

చిన్నమ్మ నా వైపు చూసింది. రాత్రుళ్లు ఫోన్ చూసి, వందల మంది అభిప్రాయాలు చదివి, నేను తేల్చిన మెషిన్‌లో సబ్బు నీళ్లల్లో చెయ్యి పెట్టాలి. ఆ ఒక్క సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. "పాపం, బిడ్డ పుస్తకాలు సదువుకున్నది," అని చిన్నమ్మ సేల్స్ అబ్బాయికి నా తరఫున సంజాయిషీ ఇచ్చింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇక ఫుల్ ఆటోమేటిక్ కావాలి. అది పది వేలకు రాదు. వనపర్తిలో దొరుకుతుందన్నారు. పోయాం. అక్కడి దుకాణంలో ధర వినగానే చిన్నమ్మ పట్టు కొస తీయనే లేదు. అనిల్ షోరూం నుంచి భోజనం వేళకు వచ్చి, బైకు కొనేవాళ్లకు చెప్పినట్టే మాకూ చెప్పాడు: "అమ్మా, జర పెంచుకో. మంచి మోడల్ తీస్కో."

"నువ్వు జర తగ్గించుకో. వారానికి ఒక్క ప్యాంటు తొడుగు," అంది చిన్నమ్మ.

నాగర్‌కర్నూల్‌లో ఒక దుకాణంవాడు షోలో పెట్టిన మెషిన్లు తగ్గించి ఇస్తున్నాడని అనిల్ స్నేహితుడెవరో చెప్పాడు. ఎండలో మళ్లీ బస్సు. చిన్నాయన ఈసారి రానన్నాడు. "మీరు తిరుపతి పోయినా నేను రాను. మగ్గం ఆగిపోయింది ఈ మెషిన్ పరేషాన్ల."

అక్కడ సేల్స్‌మన్ పేరు నాగేశ్. నెమ్మదైన మనిషి. ఒక పక్క సొట్ట పడిన ఫుల్ ఆటోమేటిక్ చూపించాడు. షోలో పెట్టినప్పుడు నిచ్చెన తగిలిందట. లోపల ఏమీ కాలేదు, వారంటీ కార్డు ఇస్తాను, ధర పది వేలలోపే, అన్నాడు. చిన్నమ్మ కొస తీసింది. నాగేశ్ మూత పట్టుకుని నిలబడ్డాడు. ఆమె డ్రమ్ము లోపల చుట్టూ, చిల్లుల మీద, అడుగున, మూత అంచు మీద కొస లాగింది. ఎక్కడా తగలలేదు. చిన్నమ్మ ముఖం అంత ప్రసన్నంగా మారడం ఆ ఎండాకాలంలో అదే మొదటిసారి.

"ఇదే," అంది.

నేను సిగ్గు చంపుకుని, రాసుకుని వచ్చిన ప్రశ్నలు అడిగాను. నాగేశ్ ఓపికగా చెప్పాడు. "నల్లా ధార మంచిగుండాలె మేడమ్. నేల సమానంగ ఉండాలె. బరువు బట్టలన్ని ఒకపక్కకు ఎయ్యొద్దు, కలిపి ఎయ్యాలె."

"విన్నవా చిన్నమ్మా?" అన్నాను.

"విన్న, విన్న. చూడు, ఎంత నున్నగున్నదో," అంది. ఇంకా డ్రమ్ములోనే ఉంది ఆమె చెయ్యి.

దుకాణం బండి ఉచితంగా వనపర్తి దాకానే వస్తుంది. అక్కడి నుంచి గద్వాలకు ట్రాలీ ఆటో మేమే మాట్లాడుకున్నాం. అనిల్ గది ముందే మెషిన్‌ను ఒక బండిలోంచి దింపి ఇంకో బండిలోకి ఎక్కించారు. అనిల్ కూడా ఒక పక్క పట్టుకున్నాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంట్లో మెషిన్ పెట్టడానికి చోటు ఒక్కటే: మగ్గం గది. పెరట్లో ప్లగ్గు లేదు, వంటగదిలో మనిషే పట్టడు. మగ్గం పక్కన, గోడ వారకు పెట్టారు. నేల బండలు ఎగుడుదిగుడు. చిన్నాయన ఒక కాలి కింద అట్ట మడిచి పెట్టాడు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి ధార కోసం నీళ్ల డ్రమ్మును స్నానాల గది కప్పు మీదికి ఎక్కించి పైపు బిగించాడు. ధార వచ్చింది, కానీ సన్నగా. మెషిన్ కొంతసేపు ఎదురుచూసి, కుయ్యిమని మొత్తుకుని, ఆగిపోయింది. నేను మెషిన్‌తో వచ్చిన పుస్తకం తెరిచి చదివాను. మళ్లీ నొక్కాం. మళ్లీ మొత్తుకుంది.

"ఆకలైతున్నదేమో. ఒక ముద్ద పెట్టు," అన్నాడు చిన్నాయన.

చివరికి మూత తీసి బకెట్లతో నీళ్లు పోస్తే ఒప్పుకుంది. ఆ వారమంతా అలాగే నడిచింది. చిన్నమ్మ సబ్బు ముట్టలేదు. శుక్రవారం నాటికి పొద్దున కొస జారడం మొదలైంది. సుదర్శన్‌కు కబురు పంపితే, ఒక పట్టు పడుగు ఇచ్చి, "చూస్త అక్కా," అన్నాడు. చూస్త అంటే అది పరీక్ష. చిన్నమ్మ శనివారం మధ్యాహ్నం దాకా వంచిన మెడ ఎత్తకుండా కూర్చుని దాన్ని అతికింది. పోగులు ఇంకా బిగించలేదు. ఆదివారం చిన్నాయన మెల్లగా ముందుకు జరిపి బిగించాలి. అప్పటిదాకా ఆ అతుకులను పట్టి ఉంచేది వేలి మెలి ఒక్కటే.

శనివారం సాయంత్రం అనిల్ సంచితో దిగాడు.

"మెషిన్ ఉన్నది గద ఇప్పుడు," అని, సంచిని అలాగే డ్రమ్ములో బోర్లించాడు. జీన్ ప్యాంట్లన్నీ ఒక ముద్దగా ఒకపక్కకు పడ్డాయి. పైన చేతికందిన చొక్కాలు. బకెట్లతో నీళ్లు పోసి, మీట నొక్కి, టీవీ ముందు కూర్చున్నాడు. చిన్నమ్మ, నేను పెరట్లో బియ్యం ఏరుతున్నాం. చిన్నాయన చాయ తాగడానికి బయటికి పోయాడు.

మొదట ఏదో బండి పోతున్న చప్పుడనుకున్నాం. తర్వాత గోడ అదిరింది. "భూకంపం!" అని చిన్నమ్మ లేచింది. లోపలికి పరిగెత్తేసరికి మెషిన్ నడుస్తోంది. నిజంగానే నడుస్తోంది. అట్ట ముక్కను వెనక వదిలేసి, దడదడమంటూ, గంతులు వేస్తూ గది మధ్యకు వచ్చి, మగ్గం గుంజను గుద్దుతోంది. ప్రతి గుద్దుకూ మగ్గం మొత్తం ఊగుతోంది. పట్టు పోగులు ఊగుతున్నాయి. మెలి మీద నిలిచిన అతుకులు మా కళ్ల ముందే ఒక్కొక్కటిగా విడిపోతున్నాయి. కొసలు గాలిలో లేచి, కింద వాలుతున్నాయి.

అనిల్ మెషిన్‌ను కౌగలించుకున్నాడు. ఆగలేదు, వాణ్ణి కూడా ఊపింది. నేను ప్లగ్గు పీకాను.

చిన్నమ్మ మగ్గం దగ్గర కూర్చుంది. ఒక కొసను ఎత్తి చూసింది. దించింది. ఇంకొకటి ఎత్తింది.

"అమ్మా, నాకు తెల్వదు గిట్లైతదని," అన్నాడు అనిల్.

"తెల్వదు. నీకు బండ లేదు, నీకు తెల్వదు. ఇగ చాల్తియ్." ఆమె గొంతు పెంచలేదు. దానికే భయమేసింది. "లైటు దగ్గరికి జరుపు. బూడిద తే."

చిన్నాయన వచ్చి చూసి తల పట్టుకున్నాడు. మెషిన్‌ను తిట్టాలా, కొడుకును తిట్టాలా తేలక, గుమ్మంలో నిలబడ్డ అంజమ్మను, "నువ్వు మంచి పని చేసినవ్ వదినా, జొన్నలు పోసి!" అన్నాడు.

"నేను చెప్తనే ఉన్న," అంది అంజమ్మ.

ఆదివారం నేను నాగేశ్‌కు ఫోన్ చేశాను. షో పీసు వాపసు తీసుకోరట. "మెషిన్ ఏం చెడిపోలేదు గద మేడమ్?" అన్నాడు. చెడిపోలేదు. అదే మా బాధ. నికరమైన మెషిన్ కావాలని మూడు ఊళ్లు తిరిగి నికరమైనదే తెచ్చుకున్నాం. మగ్గం గుద్దినా దానికి ఇంకో సొట్ట కూడా పడలేదు. మగ్గం ఉన్న గదిలో అది ఉండకూడదు, అంతే. మగ్గం లేని గది ఇంట్లో లేదు.

చిన్నమ్మ రెండోసారి అతుకుతూనే ఉంది. విడిపోని అతుకులను కూడా వేలితో తట్టి చూస్తోంది. అనిల్ బూడిద గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నాడు, లేవడానికి ధైర్యం లేక. ఉన్నట్టుండి ఆమె తలెత్తకుండానే అడిగింది.

"నీ గదిల నల్లా ధార ఎట్లున్నదిరా?"

"మస్తుగుంటదమ్మా. పైన ట్యాంకు ఉన్నది."

"నేల?"

"టైల్స్."

"మగ్గం ఉన్నదా?"

"నా గదిల మగ్గం ఎందుకుంటదమ్మా?"

"అయితె తీస్కపో."

అనిల్ మొదట సంతోషపడ్డాడు. తనకు మెషిన్ ఇస్తున్నారనుకున్నాడు పాపం.

"నీ బట్టలు ఆడనే ఉతుక్కో. మా బట్టలు కూడ. ప్రతి ఆదివారం పోయేటప్పుడు మూట కట్టిస్త. శనివారం వచ్చేటప్పుడు ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి తే."

"అమ్మా! బస్సుల అందరు చూస్తరు!"

"ఇన్నొద్దులు నీ సంచి ఎవ్వరు చూడలేదా?"

చిన్నాయన నవ్వాడు. వారం రోజుల్లో ఆయన నవ్వడం అదే. "బ్యాగు గదే, బస్సు గదే, మనిషి నువ్వే. బట్టలే మారినయ్."

అదే ట్రాలీ ఆటోలో మెషిన్ వనపర్తికి తిరిగి పోయింది, రెండోసారి కిరాయి ఇచ్చుకుని. నాగేశ్ బండి ఉచితంగా దింపిన ఆ గుమ్మం ముందే మళ్లీ దిగింది. ముందే అక్కడ ఆపి ఉంటే సరిపోయేదని అనిల్ అన్నాడట. చిన్నమ్మ ఏదో అందట. అది నాకు చెప్పలేదు.

ఆ పట్టు పడుగు అతకడం ఆదివారం చీకటి పడేలోపు అయిపోయింది. సోమవారం సుదర్శన్ వచ్చి, ఒక పోగును వెలుతురుకు పట్టి చూసి, వేలితో నిమిరి చూసుకుని పోయాడు. ఆ తర్వాతి వారం రెండు పట్టు పడుగులు పంపాడు.

ఇప్పుడు శ్రావణం చీరలు మగ్గాల మీద ఉన్నాయి. మెషిన్ వనపర్తిలో, టైల్స్ మీద, కదలకుండా తిరుగుతోంది. అనిల్ ప్యాంట్లూ చొక్కాలూ కలిపి వేయడం నేర్చుకున్నాడు. చిన్నమ్మ చీరలు మడత పెట్టడం ఇంకా సరిగ్గా రాలేదు, ఆమె శనివారం వాటిని విప్పి, తిట్టి, మళ్లీ మడత పెడుతుంది. ఆకుపచ్చ కొస మేకు మీదే ఉంది. బాలమణి ఈ నెలలో నూలు పడుగు ఒక్కటి కూడా అతకలేదు, అన్నీ పట్టువే.